లబీబా ఇచ్చిన సగం చెట్టు

ఆదివారం పొద్దున కఫర్ లౌజ్‌లో ఆడవాళ్ళు చేసే మొదటి పని కాఫీ పెట్టడం. రెండో పని, ఆ వారం ఎవరైనా చర్చి మాన్యానికి చెట్టు రాసిచ్చారేమో కనుక్కుని, దారికి అడ్డంగా కట్టిన బట్టల తాళ్ళు విప్పెయ్యడం. గంట మోగగానే ఇచ్చిన చెట్టు బయల్దేరుతుంది. వేళ్ళు పైకి లాక్కుని, మన్ను దులుపుకుని, మోకాళ్ళ నొప్పులున్న ముసలాయనలా మెల్లగా దిగువకి నడిచి, మార్ ఎలియాస్ చర్చి వెనక మాన్యం తోటలో తన కోసం తవ్విన గోతిలో నిలబడుతుంది. మా లెబనాన్ కొండల్లో ఆలివ్ చెట్లకి తొందర తెలీదు. ప్రార్థన సగమయ్యేసరికి చేరితే గొప్ప. ఒకసారి వర్దే అత్త తాడు విప్పడం మర్చిపోతే, ఆవిడ లోపలి లంగాలన్నీ కొమ్మలకి తగిలించుకుని ఒక చెట్టు చర్చిదాకా పోయింది. వర్దే అత్త మూడు వారాలు చర్చికి రాలేదు.

ఆ తోట నూనెతోనే చర్చిలో దీపాలు వెలుగుతాయి. మిగిలిన నూనె అమ్మి పైకప్పు బాగుచేయిస్తారు, లేనివాళ్ళకి చలికాలం కట్టెలు కొనిస్తారు. చెట్టు ఇచ్చినవాళ్ళకి దక్కేది ఒక్కటే. ఏటా జూలైలో, మార్ ఎలియాస్ పండుగనాడు, అబూనా ఎఫ్రెం వాళ్ళందరి పేర్లూ గొంతెత్తి చదువుతారు. అబూనా అంటే మా చర్చి గురువుగారు, ఈయన గొంతు పెద్దది. వందేళ్ళ కిందట పోయినవాళ్ళ పేర్లు కూడా ఆ రోజు చర్చి గోడలకి తగిలి వెనక్కి వస్తాయి.

లబీబాకి కావలసింది అదే. ఆవిడకి అరవై ఒక్కేళ్ళు. ఊళ్ళో సగం మంది పెళ్ళిబట్టలు ఆవిడ చేత్తో కుట్టినవే గాని, తన కోసం ఒక్కటి కుట్టుకునే అవకాశం రాలేదు. అమ్మానాన్నలకి చేసినన్నాళ్ళు చేసింది, వాళ్ళు పోయేసరికి జుట్టు నెరిసింది. తను పోయాక తన పేరు ఈ లోకంలో ఎవరి నోటా రాదన్న దిగులు ఆవిడని కొన్నేళ్ళుగా తినేస్తోంది. పండుగనాడు ఆ పేర్లు వింటున్నప్పుడల్లా ఆవిడ కళ్ళు తుడుచుకోవడం మేమంతా చూసేవాళ్ళం.

ఇవ్వడానికి ఆవిడకి ఉన్నది ఒక్క చెట్టు, అదీ సగమే. పైమెట్టలో వాళ్ళ నాన్న వదిలివెళ్ళిన ఆలివ్‌లో తూర్పు కొమ్మలు లబీబావి, పడమటి కొమ్మలు అన్న ఇస్కందర్‌వి. పంతొమ్మిదేళ్ళ కిందట ఇస్కందర్ తూర్పు వైపు కొమ్మ ఒకటి అడక్కుండా నరికాడు. ఎందుకు నరికావని ఈవిడ అడగలేదు, ఫలానా అందుకని ఆయన చెప్పలేదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. కాయలు కోసేది కూడా ఈవిడ సోమవారం, ఆయన గురువారం.

ఈస్టర్ వెళ్ళాక లబీబా తన సగాన్ని మాన్యానికి రాసిచ్చింది. ఆదివారం గంట మోగింది, ఊరంతా తాళ్ళు విప్పుకుంది, చెట్టు పూతతో సహా బయల్దేరింది. సరిగ్గా సగం దారికి వచ్చి ఆగిపోయింది. నడివీధిలో, నఖ్లే రొట్టెల పొయ్యి ముందు, తారులోకి వేళ్ళు దించేసి నిలబడింది. అబూనా ఎఫ్రెం అటూ ఇటూ అడుగులేసి కొలిచారు. పైకి ఆరువందల నలభై అడుగులు, కిందికీ అంతే.

"సగం ఇచ్చావు, సగం దూరం వచ్చింది. చెట్టుని తప్పుపట్టలేం" అన్నారాయన.

"మరి నా పేరు, అబూనా?"

"తోటలోకి చేరిన చెట్లకే పేరు చదివే ఆనవాయితీ. పోనీ సగం పేరు చదవమంటావా? 'లబీ' అని ఆపేస్తాను."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. లబీబా కూడా నవ్వింది గాని, ఇంటికెళ్ళి చాలాసేపు ఏడ్చింది. మిగతా సగం ఇవ్వమని అబూనా స్వయంగా ఇస్కందర్ దగ్గరికి వెళ్ళారు. నన్నో మాట అడిగి ఇచ్చిందా, అక్కడే నిలబడనీండి, నాకేం అడ్డం లేదు అని ఆయన తలుపేసుకున్నాడు. అడ్డం లేదన్న పెద్దమనిషి మర్నాటి నుంచి ఆ చెట్టు కంటబడకుండా, రొట్టెల కోసం కొండెక్కి పై ఊరికి నడవడం మొదలుపెట్టాడు.

తారులో నిలబడ్డ చెట్టుకి నీళ్ళెవరు పోస్తారు? లబీబాయే పోసింది. పొద్దున్నే రెండు డబ్బాలతో నీళ్ళు మోసుకొచ్చి పోసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయేది. నఖ్లే అంతకన్నా ఘనుడు. భార్య పోయి ఆరేళ్ళయింది, అప్పటి నుంచి రొట్టె అడిగితే రొట్టె ఇస్తాడు, బాగున్నావా అంటే తలూపుతాడు, అంతే. ఐదో రోజున మాత్రం నోరు విప్పాడు.

"కుళాయి ఇక్కడే ఉంది లబీబా గారూ. అంత దూరం నుంచి మోసుకు రావడం దేనికి?"

ఆ మాట ముందే చెప్పొచ్చు కదా అని ఆవిడ అంది. అడగలేదు కదా అని ఆయన అన్నాడు. అలా మొదలైంది.

మే నెలంతా ఆలివ్ పూత రాలి నఖ్లే పిండిలో పడేది. రొట్టెలు చేదుగా ఉన్నాయని ఊరు గొణిగింది, ఆయన పట్టించుకోలేదు. జూన్‌లో ఎండ ముదిరాక రొట్టెలకి వచ్చినవాళ్ళంతా ఆ చెట్టు నీడలోనే వరస కట్టేవాళ్ళు. లారీలు హారన్ కొట్టుకుంటూ పక్క సందులోంచి పోయేవి. నఖ్లే ఇంట్లోంచి ఒక కుర్చీ తెచ్చి చెట్టు మొదలు దగ్గర వేశాడు. అది ఎవరి కోసమో చెప్పలేదు గాని, వేరేవాళ్ళు కూర్చుంటే రొట్టె ఆలస్యంగా ఇచ్చేవాడు. లబీబా కుట్టుపని అక్కడికే తెచ్చుకోవడం మొదలుపెట్టింది. పొద్దున నీళ్ళు పోయడానికి వచ్చిన మనిషి మధ్యాహ్నం దాకా అక్కడే ఉండేది. నువ్వులూ ఎండాకుల పొడీ చల్లిన రొట్టె కాలగానే నఖ్లే పొయ్యి దగ్గర్నుంచే కేకేసేవాడు, "లబీబా గారూ, జాతర్ రొట్టె వేడిగా ఉంది" అని. జూలై మొదటి వారంలో ఒకరోజు ఆ కేకలో 'గారూ' వినబడలేదు. "లబీబా, రొట్టె" అన్నాడంతే. ఆవిడ సూది వేలికి గుచ్చుకుంది. వరసలో ఉన్న మేమందరం అటూ ఇటూ చూశాం.

పండుగకి ముందటి శనివారం అబూనా ఎఫ్రెం ముఖం చాటంత చేసుకుని పొయ్యి దగ్గరికి వచ్చారు. ఇస్కందర్ లొంగాడట. పై ఊరికి నడిచి నడిచి మోకాళ్ళు పోయాయట, చెల్లెలి మీద కోపం కన్నా మోకాళ్ళ నొప్పి ఎక్కువైందట. రేపు ప్రార్థనలో తన సగాన్ని మాన్యానికి ఇచ్చేస్తానన్నాడట.

"గంట మోగగానే చెట్టు తోటకి నడుస్తుంది. పండుగకి నీ పేరు మొత్తం చదువుతాను లబీబా, ఒక్క అక్షరం తగ్గకుండా."

లబీబా సరేనన్నట్టు తలూపింది. కుర్చీలోంచి లేచింది, మళ్ళీ కూర్చుంది. నఖ్లే తెడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. లోపల రొట్టెలు మాడాయి. నఖ్లే రొట్టె మాడడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు.

ఆ సాయంత్రం లబీబా పంతొమ్మిదేళ్ళ తర్వాత అన్న గుమ్మం ఎక్కింది. ఇస్కందర్ తలుపు తీశాడు. కాళ్ళు నొప్పులని నడవకుండా గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఇస్తానని చెప్పేశాగా. ఇంకా ఏంటి?" అన్నాడు.

"ఇవ్వొద్దన్నయ్యా."

"ఏంటీ?"

"నీ సగం ఇవ్వొద్దు. నీ దగ్గరే ఉంచుకో."

ఇస్కందర్ ఆవిడ మొహంలోకి చూశాడు. "మొండివాడు, రాతిగుండెవాడు అని పంతొమ్మిదేళ్ళు ఊరందరి దగ్గరా తిట్టావు. ఇప్పుడు మెత్తబడితే వద్దంటావా?"

"ఇంకొన్నాళ్ళు మొండిగానే ఉండన్నయ్యా, నీకు పుణ్యముంటుంది. చెట్టు వెళ్ళిపోతే రేపటి నుంచి ఆ పొయ్యి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? నీళ్ళు పోయడానికంటూ ఏదో ఒకటి ఉండాలి కదా."

ఇస్కందర్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వాడు.

"వాడి రొట్టెలు అంత బాగుంటున్నాయా?"

"ఇవాళ మాడ్చాడు" అంది లబీబా, సిగ్గుతో తల దించుకుని.

ఇస్కందర్ లోపలికి వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చాడు. ఇద్దరూ గుమ్మంలో కూర్చుని తాగారు. అప్పట్లో ఆ కొమ్మకి పురుగు పట్టింది, నరక్కపోతే చెట్టంతా పోయేది అని ఆయన చెప్పాడు. ఆ మాట అప్పుడే చెప్పి చావొచ్చు కదా అని ఆవిడ అంది. మొండితనానిదేముంది, నా దగ్గర కావలసినంత ఉంది, నీకు ఉచితంగా ఇస్తాను అన్నాడు ఇస్కందర్.

మర్నాడు చర్చి కిటకిటలాడింది. తాళ్ళన్నీ విప్పేశారు, తోటలో గొయ్యి తవ్వారు. అబూనా పిలవగానే ఇస్కందర్ లేచి, రాత్రి బాగా ఆలోచించాను, నా సగం నేనివ్వను అని చెప్పి కూర్చున్నాడు. ఊరంతా ఆయన్ని తిట్టిపోసింది. వెనక బల్లమీద నఖ్లే విడిచిన ఊపిరికి ముందున్న కొవ్వొత్తి ఆరిపోయింది. పండుగనాడు పేర్లు చదివారు, లబీబా పేరు అందులో లేదు. ఆ ఏడు ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు.

మర్నాడు పొద్దున నఖ్లే కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి, పొయ్యి దగ్గర రొట్టెలు చూసుకోమని వర్దే అత్తకి అప్పగించి వచ్చి కూర్చున్నాడు. ఏం అడిగాడో మాకు వినబడలేదు. లబీబా మాత్రం, ఇన్నాళ్ళూ అడగలేదేం అని గట్టిగానే అంది.

ఆగస్టు ఉపవాసాలు వెళ్ళాక, సెప్టెంబరులో పెళ్ళి. ఇస్కందర్ కర్ర ఊతంతో చెల్లెలి చెయ్యి పట్టుకుని చర్చిలోకి తీసుకొచ్చాడు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు తలల మీద కిరీటాలు పెట్టే వేళకి అబూనా ఎఫ్రెం, మా ఆచారం ప్రకారం, ఆశీర్వాదపు మాటని మూడుసార్లు చదవాలి. ఆయన తన పెద్ద గొంతుతో అందుకున్నారు.

"దేవుని సేవకురాలు లబీబా, దేవుని సేవకుడు నఖ్లేకై కిరీటం ధరించుచున్నది."

పేరు గోడలకి తగిలి వెనక్కి వచ్చింది. లబీబా తలెత్తి పైకప్పు వైపు చూసింది. రెండోసారి చదివారు. మూడోసారి 'లబీబా' అనగానే ఆవిడ నిండు చర్చిలో "ఆఁ" అని పలికింది.

"ఇక్కడ పలకక్కర్లేదమ్మా" అన్నారు అబూనా మెల్లగా.

"పలకనివ్వండి అబూనా" అంది లబీబా. "చచ్చాక చదివితే నేను పలకలేను కదా."