ఊరు లేని నీళ్లు

రోజూ ఏడింటికల్లా తొట్లక్క సముద్రజీవుల కేంద్రం తలుపు తీసేది. నేల తుడిచి, గాజుతొట్ల అంచులు కడిగి, చచ్చిన రొయ్య ఏదైనా ఉంటే ఏరి పారేసేది. విశ్వవిద్యాలయం వాళ్ల కేంద్రం అది. మూడు పెద్ద తొట్లు. ఏ తీరం నుంచి తెచ్చిన నీళ్లకి ఆ తీరం పోటే వచ్చేది. ఆ వేళకి నీళ్లు అంచు దాటి గదిలోకి దిగి, మడమల దాకా నిలిచి, ఆటు మొదలవగానే మళ్లీ తొట్టిలోకి ఎక్కేవి. గుమస్తా కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుని రాసుకునేవాడు. నీళ్లు వెళ్లాక నేల మీద మిగిలిన ఉప్పు చారలు తొట్లక్క తుడిచేది.

శనివారాలు బడిపిల్లలు చూడ్డానికొచ్చేవాళ్లు. తొట్లక్క చదివింది ఐదో తరగతే. అయినా పిల్లలకి చెప్పేది ఆవిడే. "ముట్టుకునే ముందు చెయ్యి తడుపుకోండి. పొడి చెయ్యి తగిలితే దానికి మంట" అనేది.

కొత్తగా వచ్చిన పెద్దసారుకి రెండు జతల బూట్లు పాడయ్యాయి. కొళాయి నీళ్లలో ఉప్పు కలిపి తొట్లు నింపమన్నారు. ఆ నీళ్లకి తీరం లేదు కాబట్టి పోటూ లేదు. నేల పొడిగా ఉంది. ఇక తుడిచే పని లేదని తొట్లక్కని సామాన్ల గదిలో కూర్చోమన్నారు. ఒకటో తారీఖు నుంచి హాస్టలు ఊడవడానికి పొమ్మన్నారు.

"పిల్లలకి చెప్పడానికి డిగ్రీ ఉన్నవాళ్లున్నారు" అన్నారు.

"ఆ డిగ్రీవాళ్లకి చెప్పిందెవరో అడగండి సారూ" అంది తొట్లక్క. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అప్పుడూ పెంచలేదు.

ఆ శనివారం అరవైమంది పిల్లలొచ్చారు. ఆలిచిప్పలు నోళ్లు బిగించుకున్నాయి. పువ్వుల్లా విచ్చుకోవాల్సిన జీవులు ముద్దల్లా రాళ్లకి అతుక్కున్నాయి. పరిశోధన చేసే అమ్మాయి అరగంట బొమ్మలు చూపించి చెప్పింది. "ఇవి చచ్చిపోయాయా అక్కా?" అని అడిగిందొక పిల్ల.

అమ్మాయి సామాన్ల గదికి పరిగెత్తుకొచ్చింది. "అక్కా, ఒక్కటీ నోరు తెరవట్లేదు. నావల్ల కావట్లేదు."

"నీళ్లకి ఊరు లేకపోతే అవెందుకు తెరుస్తాయి? బకెట్టు అందుకో."

ఒక తొట్టి ఖాళీ చేసి, పడవల రేవు నుంచి ఇద్దరూ నలభై బకెట్లు మోశారు. పిల్లలు వరసగా నిలబడి అందించారు.

"అక్కా, సారు చూస్తే నీ పని ఐపోతుంది" అన్నాడు గుమస్తా.

"ఐపోయిన పనిని మళ్లీ ఏం చేస్తాడు? నువ్వు కాళ్లెత్తుకో."

పదకొండూ ఇరవైకి తొట్లక్క గోడ గడియారం వంక చూడకుండానే అంది. "చెప్పులు విప్పి చేత్తో పట్టుకోండి. వస్తోంది."

నీళ్లు అంచు దాటి దిగాయి. ఆలిచిప్పలు ఒక్కొక్కటే నోరు విప్పాయి. రాళ్ల మీది ముద్దలు ఎర్రగా, ఊదాగా విచ్చుకున్నాయి. పిల్లలు మాట్లాడ్డం మానేశారు. సరిగ్గా అప్పుడే బదిలీ కాగితం మీద తొట్లక్క సంతకం కోసం పెద్దసారు లోపలికొచ్చారు. మడమల దాకా నీళ్లు.

"సార్, మీరు బూట్లు విప్పలేదేం?" అందొక పిల్ల.

పిల్లల టీచరు ఆయన దగ్గరికొచ్చింది. "మిగతా తరగతులని కూడా తీసుకొస్తామండీ. వచ్చే శనివారం ఇదే వేళకా?"

పెద్దసారు తొట్టి వైపు చూశారు. గుమస్తా వైపు చూశారు. గుమస్తా తొట్లక్క వైపు చూశాడు.

"ఇదే వేళకి పోటు రాదమ్మా. సాయంత్రం ఐదూ పదికి" అంది తొట్లక్క.

"ఆ పై వారం?"

"అప్పటికి నేనిక్కడుంటే చెప్తాను."

పెద్దసారు జేబులోంచి పెన్ను తీశారు. చేతిలో వేరే కాగితం లేదు. బదిలీ కాగితాన్నే వెనక్కి తిప్పారు.

"ఊఁ, చెప్పమ్మా."

తొట్లక్క కుర్చీ ఆయన ముందుకి జరిపింది.

"కూర్చుని రాసుకోండి సారూ. చాలా ఉన్నాయి."