సర్దిన అడవి

కూతురు పెట్టిన షరతు ఒక్కటే. "వస్తే రా. కానీ అక్కడ ఏదీ సర్దకు."

ఆరో తరగతి పిల్లలు రెండు రోజులు కొండమీది లాడ్జిలో ఉండి ప్రకృతి గురించి నేర్చుకుంటారనీ, సాయానికి ఇద్దరు తల్లులు కావాలనీ స్కూలు నుంచి కబురొచ్చినప్పుడు, అందరికంటే ముందు లేచింది ఆ తల్లి చెయ్యే. పిల్లకి ప్రాణం పోయినంత పనైంది. కారణం లేకపోలేదు. కిందటేడు పేరెంట్స్ మీటింగుకి వచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూనే టీచరుగారి బల్లమీది పుస్తకాలన్నీ సైజులవారీగా పేర్చేసి వెళ్లిందీవిడ. ఆ తర్వాత నెల్లాళ్లు క్లాసులో పిల్లని "సర్దుడమ్మ కూతురు" అన్నారు. ఇప్పుడు మొట్టమొదటిసారి ఆ పిల్ల ఒక జట్టుకి లీడరు. మళ్లీ ఆ పేరు అంటుకుంటే ఇక జన్మలో మాట్లాడనని తేల్చి చెప్పింది. ఆవిడ ఒట్టు కూడా వేసింది.

మొదటిరోజంతా ఒట్టు నిలిచింది. గుమ్మంలో బురద బూట్లు ఒకదానిమీద ఒకటి దొర్లుతున్నా, మంచాలమీద తడి తువ్వాళ్లు ముద్దలుగా పడున్నా, మొహం పక్కకి తిప్పుకుని నడిచింది. రెండో తల్లి పళ్ల డాక్టరు. అది చూసి, "నొప్పిగా ఉందా అక్కా?" అని వైద్యురాలి గొంతుతోనే అడిగింది.

మర్నాడు పొద్దున పిల్లలంతా సైన్సు మాస్టారితో వాగు దాకా వెళ్లారు. ఆవిడ భోజనాల హాల్లో ఒంటరిగా మిగిలింది. పొడవాటి బల్ల చివర పాత న్యూస్‌పేపరు, దానిమీద కుళ్లిన ఆకులు, నల్లమట్టి, పుల్లలు, కదులుతున్నదేదో ఒకటి. అదీ అన్నం తినే బల్లమీద. ఆవిడ చేతులకి బుర్రతో పనిలేదు. చూస్తుండగానే ఆ చెత్తంతా బకెట్లో పడి, వెనక వాకిలి దాటి, చెట్లకింద కలిసిపోయింది. బల్ల తడిగుడ్డకి తళతళలాడింది.

అప్పుడొచ్చింది డాక్టరు. "పిల్లల అడవినేల ఏదక్కా? నిన్న మోకాళ్లమీద కూచుని, పొరలు చెదరకుండా తెచ్చుకున్నారే. మీ అమ్మాయి దాని గురించి అందరికీ చెప్పాలట."

ఆవిడ నోరు వెళ్లబెట్టింది. డాక్టరు అలవాటుకొద్దీ లోపలికి తొంగిచూసింది.

ఇద్దరూ బకెట్టు పట్టుకుని చెట్లకిందకి పరుగెత్తారు. పైన ఎండాకు, కింద సగం కుళ్లినాకు, దానికింద మట్టి. ఆ మాత్రం చదువు ఆవిడకీ ఉంది, డిగ్రీలో బోటనీయే. పిల్లలు తిరిగొచ్చేసరికి బల్లమీద అడవినేల మళ్లీ తయారు.

మాస్టారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. ఆకులన్నీ ఒకేవైపు తిరిగి ఉన్నాయి. చిన్నవి ముందు, పెద్దవి వెనక. ఒక్కదానికీ మట్టి అంటలేదు. పుల్లలన్నీ ఒక్క పొడవు. వానపాము మాత్రమే మాట వినలేదు.

"చాలా అడవులు చూశాను," అన్నారాయన మెల్లగా. "ఇంత క్రమశిక్షణ గల అడవిని ఎక్కడా చూళ్లేదు."

అందరూ లీడరు వైపు చూశారు. దాని చెవులు ఎర్రబడ్డాయి. అది మా జట్టు పనేనని అనబోతోందని తల్లికి తెలిసిపోయింది. అబద్ధానికి ముందు కింది పెదవి కొరుక్కోవడం దానికి పళ్లొచ్చినప్పట్నుంచీ అలవాటు.

"నేనే పారేశాను," అంది ఆవిడ. "చెత్తనుకున్నాను. మళ్లీ నేనే పేర్చాను. వీళ్ల తప్పేం లేదు."

హాలంతా నవ్వింది. వెనకనుంచి ఎవరో ఆ పాత పేరు అననే అన్నారు. కూతురు అటు తిరిగింది.

"అవును, మా అమ్మే. అయితే ఏంటి? మాస్టారూ, మాది మళ్లీ తెచ్చుకుంటాం. ఇది మాత్రం తీసెయ్యకండి. రెండూ పక్కపక్కన పెట్టి చెప్తాను. అడవి తనంతట తను ఎలా ఉంటుందో, మనం చెయ్యి పెడితే ఎలా అవుతుందో."

మాస్టారు భూతద్దం జేబులో పెట్టుకున్నారు. "వెళ్లిరండి. అమ్మగారిని కూడా తీసుకెళ్లండి, మోయడానికి."

మోసేది వచ్చేటప్పుడేననీ, అప్పటిదాకా చేతులు వెనక్కి కట్టుకోవాలనీ కూతురు ఆజ్ఞ వేసింది. ఆవిడ అలాగే, తోడొచ్చిన డాక్టరు పక్కన నిలబడింది. పిల్ల మోకాళ్లమీద కూచుని, ఆకులకిందకి అరచేతులు జరిపి, పొరని పొరగా ఎత్తి ట్రేలో పెట్టింది. ఒక ఆకు అంచు దాటి వంకరగా వేలాడింది. పిల్ల కాసేపు దాన్నే చూసింది. జట్టులో ఎవరూ ఇటు చూడట్లేదని నమ్మకం కుదిరాక, చిటికెనవేలితో దాన్ని లోపలికి తోసి, తిన్నగా చేసింది.

తల్లి గబుక్కున కొండలవైపు తిరిగి, ఇవాళ గాలి బాగుందని డాక్టరుతో అంది.