కదలని చొక్కా

పెంచలయ్య పద్ధతి చూస్తే గడియారానికి కూడా విసుగు పుడుతుంది. పొద్దున్నే మైలవరం రోడ్డులో మోటార్లకు వైండింగ్ చేసే అంగడి తెరుస్తాడు. మధ్యాన్నం ఇంటికొచ్చి సంగటి తిని ఒక కునుకు తీస్తాడు. మళ్లీ అంగడికి పోయి, పొద్దుగూకినాక వార్నీషు కంపుతో ఇల్లు చేరతాడు. ముప్పై ఏండ్లుగా ఇదే వరస. జమ్మలమడుగు చుట్టుపక్కల కాలిపోయిన ప్రతి మోటారూ ఆ చేతుల్లోకి రావాల్సిందే. పెండ్లాన్ని తీసుకుని తిరుపతికి తప్ప ఆయన ఎక్కడికీ పోయింది లేదు.

అట్లాంటి మనిషి ఒక మధ్యాన్నం సంగటిముద్ద నడిమధ్యలో గుంత చేసి, పప్పు పోయించుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

"కాశ్మీరు పోదామా?"

నాగవేణి గరిటె పట్టుకుని అట్లే నిలబడింది. "యాడికి?"

"కాశ్మీరుకు. కార్తీకంలో ఆడ చెట్లన్నీ ఎర్రగా అయితాయంట. ఆకులు చూసొద్దాం."

"ఆకులు చూసేదానికి అంత దూరమా? ఒళ్లు బాగుండాదా మామా?"

"నువ్వే గదా అంటివి, టీవీలో చూసి."

అన్న మాట నిజమే. పక్కింటి మెహరున్నీసా ఇంట్లో టీవీ చూస్తూ, "రాలిపోయే ఆకులు గూడా ఇంత సింగారించుకుంటాయా!" అని నోరు తెరిచింది. మన పక్క ఆకు పచ్చగా ఉంటుంది, లేకపోతే దుమ్ముకొట్టుకుని ఉంటుంది, మూడో రంగు తెలియదు. కానీ ఆ మాట అన్నప్పుడు గడపలో చెప్పులు విడుస్తున్న మొగుడు వింటున్నాడని ఆమె అనుకోలేదు. ముప్పై ఏండ్లు వినని మనిషి ఉన్నట్టుండి విన్నాడంటే ఎవరికైనా అనుమానం రాదా? నాగవేణికి వచ్చింది. వచ్చింది ఊరికే కూర్చుంటుందా, రోజురోజుకూ లావెక్కింది.

మొదటిది స్వెట్టర్లు. ప్రొద్దుటూరుకు తీసుకుపోయి ఆమెకు మెరూన్ రంగుది దగ్గరుండి తొడిగించి, ముందూ వెనకా తిప్పి చూశాడు. తనది మాత్రం కవరు కూడా విప్పలేదు. "తొడుక్కో మామా, పట్టకపోతే మార్చుకోవచ్చు" అంటే "ఆడికి పోయినాక చూస్తాంలే" అన్నాడు.

రెండోది బేస్తవారాలు. టికెట్లు తీసినప్పటినుంచి ప్రతి బేస్తవారం పులివెందులకు పోతున్నాడు. ఏదో మిల్లులో మోటారు కాలిందట. వారం వారం కాలే మోటారు ఏ మిల్లులో ఉంటుంది? నాగవేణి మోటార్ల మెకానిక్కు పెండ్లాం, ఆమాత్రం తెలియదా?

మూడోది ఆఫ్రీన్ నోరు జారింది. ఆఫ్రీన్ మెహరున్నీసా కూతురే, ప్రొద్దుటూరులో ఒక ట్రావెల్సు ఆఫీసులో పని చేస్తుంది, వీళ్ల టికెట్లు తీసింది కూడా ఆ పిల్లే. కొళాయి కాడ బిందె పెడుతూ, "ఆంటీ, అంకుల్ ఏంది, ఒక్క టికెట్టు ఆపేసి రెండోది ఉంచుకోవచ్చా అని అడుగుతాండాడు?" అని, నాగవేణి ముఖం చూసి నాలుక కరుచుకుంది.

అంటే తనను ఎక్కించేసి ఈయన ఇక్కడే ఉంటాడన్నమాట. ఎందుకు? ఎవరితో? పులివెందులలో ఎవరున్నారు? నాగవేణి ఆ దినం కూరలో ఉప్పు వేయడం మరిచింది. పెంచలయ్య మారు మాట్లాడకుండా తిన్నాడు. అది ఇంకా అనుమానం.

ఇక మూట సంగతి. వీళ్లు బయల్దేరేది శుక్రవారం, పంతులు చూసిన మంచి గడియ మాత్రం బుధవారం సాయంత్రానికే వచ్చింది. అట్లాంటప్పుడు మన పెద్దలు ప్రస్థానం పెట్టేవాళ్లు కదా. ఆ గడియకు కట్టుబట్ట ఒకటి, ఇన్ని బియ్యం, ఒక పసుపుకొమ్ము మూటగట్టి, పోయే దిక్కున ఉండే ఇంట్లో పెడితే, మనిషి బయల్దేరినట్టే లెక్క. తర్వాత తీరిగ్గా పోవచ్చు. ఈ వీధిలో ఉత్తరపు దిక్కు ఇల్లు మెహరున్నీసాది. ఎవరు హైదరాబాదు పోయినా, కాశీ పోయినా మూట ఆమె ఇంటి గూట్లోనే పెడతారు. ఆమె కూడా ఆ గూటిని శుభ్రంగా తుడిచి ఉంచుతుంది.

గూట్లో పెట్టిన మూట ఆ రాత్రే పోయొస్తుంది. కాశీకి కట్టిన మూట పొద్దున్నే గంగ తడితో ఉంటుంది, హైదరాబాదుకు కట్టింది పెట్రోలు వాసన కొడుతుంది. అయితే బట్ట ఎవరిదో వాళ్ల మనసు ఎటు పోతే అటే పోతుంది. మూలింటి గోపి ఉద్యోగానికి హైదరాబాదు పోతున్నానని కట్టిన మూట బళ్లారి మిరపకాయల ఘాటుతో తిరిగొస్తే, వాళ్ల నాయన తుమ్ముతూనే బళ్లారి సంబంధం ఖాయం చేసుకొచ్చాడు. మనసులో పోనివాళ్ల బట్ట పోదు. అంతే, దానికి ఎవరూ ఏమీ చేసేది లేదు.

బుధవారం సాయంత్రం నాగవేణి చీర, పెంచలయ్య చొక్కా ఒకే మూటలో గూటికెక్కాయి. కట్టేటప్పుడు పెంచలయ్య వేసిన ముడి రెండుసార్లు జారిపోయింది. రాగితీగెను వెంట్రుక మాదిరి చుట్టే చేతులవి.

మరుసటి పొద్దున మెహరున్నీసా గోడ మీదుగా మెల్లగా పిలిచింది. "నాగా, ఒక్కదానివే రా."

చీర చల్లగా ఉంది. అంచుకు అరచెయ్యంత ఎర్రటి ఆకు అంటుకుని ఉంది, ఐదు వేళ్లుగా చీలి, ఈనెలు కనబడుతూ. నాగవేణి దాన్ని చెంపకు ఆనించుకుంది. తర్వాత చొక్కా తీసి ముక్కు కాడ పెట్టుకుంది. వార్నీషు వాసన. పెట్టినప్పటి మడత కూడా నలగలేదు.

"పోలేదు అక్కా" అంది. "నన్ను ఒక్కదాన్నే తోలి ఈయప్ప ఈడ్నే ఉంటాడు."

"అట్ల తొందరపడొద్దు. ఈ దినం బేస్తవారం గదా" అంది మెహరున్నీసా. లోపలికి పోయి బురఖా తెచ్చింది. "కొత్తది. చింపితే మాత్రం ఊరుకోను."

పులివెందుల బస్సులో పెంచలయ్య ముఖం కిటికీకి తిప్పుకుని కూర్చున్నాడు. బురఖాలో ఉన్న నాగవేణి ఆయన పక్కనుంచే ముందుకు పోతుంటే, కాళ్లు ముడుచుకుని "చూసి పోమ్మా, బస్సు ఊగుతాంది" అన్నాడు. ఆ మర్యాదకు నాగవేణికి ఒళ్లు మండింది. ఇంట్లో తనతో ఎప్పుడన్నా ఇంత మెత్తగా మాట్లాడాడా? ముద్దనూరు వచ్చింది, పోయింది. ఆమె దారి పొడుగునా ఆ రెండో ఆడదాని ముఖం ఊహించుకుంటూనే ఉంది. ఒకసారి లావుగా, ఒకసారి సన్నగా, ఒకసారి తనకంటే చిన్నదిగా. చిన్నదిగా ఊహించుకున్నప్పుడు కండ్లలో నీళ్లు తిరిగాయి.

బస్టాండు దిగి పెంచలయ్య సందులు తిరిగి ఒక పాతింటి అరుగు ఎక్కాడు. అరుగు నిండా ఆడవాళ్లు. నాగవేణి బురఖా సర్దుకుంది. కాస్త దగ్గరికి పోయి చూస్తే, ప్రతి ఆడదాని ఒడిలోనూ ఒక బిడ్డ ఉంది. అది అన్సర్ సాయిబు ఇల్లు. కుక్కను చూసి జడుసుకున్న బిడ్డకు, నిద్రలో ఉలిక్కిపడే బిడ్డకు నెమలీకల కట్టతో తడిమి, ఊది, నల్లదారం కడతాడాయన. ఏడ్చే పసిబిడ్డల వరసలో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నెరిసిన మీసాలతో పెంచలయ్య కూర్చున్నాడు.

వెనక కూర్చున్న ఒక తల్లి జరిగి, నాగవేణికి చోటిచ్చింది. "నీ బిడ్డ యాడమ్మా?"

నాగవేణి వేలు ఎత్తి చూపబోయి ఆగింది.

పెంచలయ్య వంతు వచ్చింది. అన్సర్ సాయిబు నెమలీకలు పక్కన పెట్టాడు. "తగ్గిందా పెంచలయ్యా?"

"లేదు సాయిబూ. రాత్రి కలలో గూడా విమానం ఎక్కినట్టే, కింద పడినట్టే. చిన్నప్పుడు కరెంటు స్తంభం మీంచి పడినోన్ని. మిద్దె ఎక్కమన్నా మోకాలు నొప్పి అని అబద్ధం చెప్తాంటా ఇంట్లో."

"బిడ్డల భయమైతే ఊదితే పోతాది. నీది ముదిరిపోయింది. నాతో కాదు. ఇంట్లో చెప్పు."

"ఏమని చెప్పేది? ఆమెను నేను తిరుపతికి తప్ప యాడికీ తీసుకపోలేదు. ఆకులు చూడాలని నోరు తెరిచి ఒక్క మాట అనింది. ఎట్లోగట్ల పోనీ, చూసి రానీ. రేపు బయల్దేరే వేళకు పెద్ద మోటారు పని తగిలిందని చెప్పి నిలబడిపోతా. ఆమె ఒక్కతే అయినా ఆ ట్రావెల్సోళ్లు బాగా చూసుకుంటారంట, కనుక్కున్న్యా."

మోకాలు నొప్పి. ముప్పై ఏండ్లుగా మిద్దె మీది డిష్షు తిప్పిందీ, వడియాలు ఎత్తిందీ, వానకు తూము పీకిందీ నాగవేణే. రోజూ ఆ మోకాలికి నూనె రాసింది కూడా ఆమే. ముందు కోపం వచ్చింది, దీనికా నేను ఇన్ని దినాలు ఏడ్చింది అని. తర్వాత నవ్వొచ్చింది. తర్వాత రెండూ కానిదేదో వచ్చింది. ఇంత పెద్ద మనిషి, ముప్పై ఏండ్లు, పక్కనే పడుకుని ఒక్కడే భయపడ్డాడు.

ఆమె ముందు బస్సుకే తిరిగొచ్చేసింది. దీపాలు పెట్టే వేళకు మెహరున్నీసా గూటి ముందు కూర్చుని, మూట విప్పింది. చీర కొంగు తీసింది, చొక్కా అంచు తీసింది. పెండ్లిపీటల మీద పంతులు వేసినట్టు రెండూ కలిపి ముడేసి, పండ్లతో పట్టి బిగించింది.

మెహరున్నీసా చూస్తూ నిలబడింది. "చొక్కా శానా బరువుండాదేమో నాగా. చీర లాగలేకపోతే? రెండూ ఈడ్నే పడుంటాయి. నీ పయనం గూడా ఆగిపోతాది."

"తెలుసు."

"టీవీలో చూసినప్పట్నుంచి నువ్వు..."

"తెలుసు అక్కా. పోకపోతే ఇద్దరం ఈడ్నే ఉంటాం" అంది నాగవేణి. ఎర్రాకును ఒకసారి తడిమి చూసి, మూటలోనే పెట్టి కట్టేసింది.

ఇంట్లో పెంచలయ్య పెందలాడే పడుకున్నాడు. ఈసారి అనుమానం ఆయనకు పట్టుకుంది. పెండ్లాం మోకాలికి నూనె రాయలేదు. "నొప్పి లేదా మామా?" అని కూడా అడగలేదు.

తెల్లవారుతూనే ఆటో వచ్చి వీధి మొగలో ఆగింది. ప్రస్థానం మూట ఎవరిది వాళ్లే తీసుకోవాలి కాబట్టి పెంచలయ్య గూటి కాడికి పోయాడు. ఏం చెప్పి ఆగిపోవాలో పెదాల మీదే ఉంది. మూట ఎత్తాడు. చేతులు జిల్లుమన్నాయి. విప్పితే చీర నిండా ఎర్రాకులు, ఒకటి కాదు, గుప్పెళ్లకు గుప్పెళ్లు. కొంగు చివర దారాలు తెగి వేలాడుతున్నాయి, చొక్కా అంచు ఒక పక్క సాగిపోయింది. ముడి మాత్రం ఊడలేదు. చొక్కా జేబులో మంచు ఇంకా కరగలేదు.

పెంచలయ్య ఆ ముడిని శానా సేపు చూశాడు. వేలితో తడిమి చూశాడు. ముడి ఎవరిదో తెలుసుకోలేనంత తెలివితక్కువవాడు కాదు. తల ఎత్తితే గడపలో నాగవేణి, మెరూన్ స్వెట్టరు మీద కొంగు సర్దుకుంటూ.

"నీకెట్ల తెలిసింది?"

"పులివెందుల బస్సులో నన్ను 'చూసి పోమ్మా' అంటివి."

పెంచలయ్య మెహరున్నీసా వైపు చూశాడు. మెహరున్నీసా గూడు తుడవడంలో మునిగిపోయింది.

"నాకు భయమైతాంది నాగా" అన్నాడు. ముప్పై ఏండ్లలో మొదటిసారి.

"నాకూ అయింది, నువ్వు రావేమోనని" అంది నాగవేణి.

ఆటో అతను హారను కొట్టాడు. పెంచలయ్య ఒంటి మీది చొక్కా విప్పేసి, మంచు జేబు చొక్కా తడితడిగానే తొడుక్కున్నాడు. ముడి విప్పబోతే నాగవేణి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. చీర మొత్తం మడిచి ఆయన చంకలో పెట్టింది. అట్లే ఇద్దరూ వీధిలోకి నడిచారు. చలికి పండ్లు టకటకలాడుతున్నా పెంచలయ్యే ముందు ఆటో ఎక్కి, జరిగి ఆమెకు చోటిచ్చాడు.