వలయానికి ఎడమవైపు

పరీక్ష సగంలోనే బయటికొచ్చిన ఒక కుర్రాడి చేతిలో ప్రశ్నపత్రం చూసి పెంచలయ్య గుండె జారిపోయింది. 1963 సెప్టెంబరు, నెల్లూరులో ఒక కాలేజీ వరండా. లోపల రాస్తున్నది పక్కింటి ఆమినాబీ. ఆమెకు కెమిస్ట్రీ చెప్పింది ఆయనే. మార్చిలో నాలుగు మార్కుల తేడాతో తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పిస్తానని తండ్రి దరియావలి తెగేసి చెప్పాడు.

పది మార్కుల ప్రశ్న ఒకటుంది: సైక్లోహెక్సేన్ వలయాలకు పేర్లు రాయండి. మొదటి బొమ్మలో ఆరు మూలల వలయం, పైన ఇథైల్, ఎడమ కింది మూలన మిథైల్. మూలలకు వేసే అంకెలే పేరులో వస్తాయి. పెంచలయ్య ఇథైల్ దగ్గర ఒకటి పెట్టి కుడిగా లెక్కించాడు. మిథైల్‌కు ఐదొచ్చింది.

"ఐదేంది సార్? ఎడంగా తిప్పితే మూడే గదా! చిన్న అంకె రావాలంట గదా!" అన్నాడు కుర్రాడు.

ఆ సూత్రం పెంచలయ్యకు కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం! దేవుడికైనా, తులసికోటకైనా కుడిగా తిరిగిన ఇల్లు వాళ్లది. ఎడమగా తిరిగేది శవం చుట్టూనే. అందుకని చెయ్యి అటు పోదు. ఒకసారి ఆమినాబీ ఎడమగా అంకెలేస్తే, "అట్ల తిరగకూడదు పాపా" అని చెరిపించాడు కూడా. ఈ మహానుభావుడు ఇంటి ఆచారాన్నే కెమిస్ట్రీ అనుకున్నాడు!

కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. మూడో వరుసలో ఆమినాబీ కలం కొరుకుతూ ఉంది. మూడు వేళ్లు చూపిస్తే చాలు. చెయ్యి లేచింది కూడా. అంతలో పర్యవేక్షకుడు ఇటు తిరిగాడు. పట్టుబడితే పిల్లను పూర్తిగా బయటికి పంపేస్తారు. చెయ్యి దించేశాడు. ఆ పిల్ల తన మాట మరిచిపోయి ఉండాలని మనసులో దండం పెట్టుకున్నాడు.

గంట కొట్టారు. ఆమినాబీ నవ్వుతూ వచ్చింది.

"అన్నా, ఆ రింగులన్నిటికీ మొదట చిన్నంకెలే వచ్చినాయి. మొదటిదానికి మూడని రాసినా గూడా."

"రాసినావా?" పెంచలయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"రాసి కొట్టేసినా. ఎడంగా తిరగకూడదని మీరు చెప్పింది గుర్తొచ్చింది. అన్నీ కుడిగా మార్చేసినా. మీరు తప్పు చెప్తారా అన్నా?"