ఊరికే ఇచ్చిన కాఫీ

ఆ శనివారం ఉదయం ఆకాశం వాన కురిపించేట్టే కనిపించి, మబ్బుల్ని గోధుమ గిడ్డంగుల మీదుగా తూర్పుకి తోలేసింది. మా ఊళ్లో ఈమధ్య ఏదీ ఆగడం లేదు.

గ్లెనిస్ కాఫీ కొట్టు మూసేశాక ఒక చలికాలం గడిచింది. మా దేశంలో చలి జూన్‌లో, ఎండలు క్రిస్మస్‌కి. దాని పక్కదే ఆర్థర్ మాంసం కొట్టు. ఇదివరకు ఎవరైనా తమకి కావలసింది ఆర్థర్‌కి చెప్పి, అతను కోసేలోగా పక్కన కాఫీ తాగేవారు. ఇవాళ నేను తాగిస్తే రేపు నువ్వు తాగించాలి, అదీ మా మర్యాద. ఇప్పుడు కాఫీకని కారెక్కి పెద్ద ఊరు పోతున్నారు. పోయినవాళ్లు రొట్టె, మాంసం, మేకులు కూడా అక్కడే కొనుక్కొస్తున్నారు.

అది చూసి ఆర్థర్ తన కొట్టులో బల్ల వేసి, నీళ్లు కాచి, అద్దం మీద 'కాఫీ ఊరికే' అని రాశాడు. మొదట్లో వచ్చారు.

"నా వంతు ఎప్పుడు రానిస్తావురా?" అన్నాడు ముసలి లెస్.

"వంతు లేదు, ఏం లేదు. ఓ ముక్క మాంసం కొనుక్కో, చాలు."

"అయితే ఇది కాఫీ కాదురోయ్, గాలం!"

అందరూ నవ్వారు. నవ్వి, మొహమాటానికి తలా రెండు సాసేజీలు కొన్నారు. తర్వాత రోడ్డుకి అవతలి పక్క నడవడం మొదలుపెట్టారు.

నేను వెళ్లేసరికి ఆర్థర్ అద్దం మీది రాత తుడుస్తున్నాడు.

"ఇది పోతే సిగ్గుపడకుండా వస్తారేమో. క్రిస్మస్ ఎండల దాకా చూస్తా. మీ ఇల్లొక్కటి నా దగ్గర కొంటూ నిలబడినా చాలు, కత్తులకి తుప్పు పట్టదు. ఈ వారం మీ ఆవిడ కోరల్ ఇంకా రాలేదే?"

"వస్తుందిలే. కొట్టు కట్టేసి భోజనానికి రా."

మధ్యాహ్నం వచ్చాడు. నా భార్య కోరల్ పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టింది. ఆర్థర్ చేత్తో మెలేసే సాసేజీలు ఎప్పుడూ ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. పళ్లెంలోవి అన్నీ ఒకే కొలత.

"కాఫీకని వెళ్లాను. అక్కడే కనిపించాయి," అంది కోరల్. ఎవరూ అడగలేదు.

ఆర్థర్ ఒకటి తీసుకున్నాడు. కోశాడు. ఆవ ముద్ద రాసుకుని, మిగల్చకుండా తిన్నాడు. కోరల్ ఇంకొకటి వడ్డిస్తే అదీ తిన్నాడు. మేమూ తిన్నాం.