కత్తెర కొఱికిన మందుపేరు

రోహిణీకార్తె యెండలకు రోళ్లు పగులునను నానుడిని నిజము సేయ పంతము పట్టినవానివలె ప్రచండకిరణుడు తెనాలిపట్టణముపై నిప్పులు చెఱుగుచుండ కాకులు సైతము కూతలు మాని కొళాయిచెంత గ్రుక్కెడు నీటికై పడిగాపులు పడుచున్న మధ్యాహ్నవేళ మాణిక్యాంబ తన ముసలి కుక్కయగు భైరవుని చంకనెత్తుకొని పశువైద్యుడు త్రివిక్రమరావుగారి క్లినిక్కు మెట్లెక్కెను. ఆమె ముఖము ముందర నా యెండయే యొకింత చల్లన.

మూర్ఛరోగపీడితుడగు భైరవునకు ప్రతిదినమును మాత్ర పడవలయును. ఆ మాత్రలను డాక్టరుగారు చీటీ వ్రాయక తామే యమ్ముదురు. అమ్ముటకు ముందు మాత్రల పట్టీమీది మందుపేరును కత్తెరతో గోసివేయుట యచ్చటి యాచారము. నెలకు రెండువేల నాలుగువందలు. ఇంటిఖర్చుతో నది పొసగక యామె పదిదినములుగా మాత్రను చాకుతో సగము కోసి వేయుచుండెను. ఆనాటి యుదయమున భైరవుడు వంటయింటి గడపపై బడి నురుగులు గ్రక్కుచు గిలగిల కొట్టుకొనెను. తనచేతి చాకుపై బుట్టిన రోషము ఆ కత్తెర తలపునకు రాగానే వేయింతలయ్యెను.

"ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటానండీ, చీటీ రాయండి. చీటీ లేందే వాళ్లు పంపరు."

"అవన్నీ నకిలీవమ్మా! పైగా ఇది బైట దొరికే సరుకు కాదు."

అంత నామె తన సంచిలోనుండి పోపులడబ్బా తీసి తెఱచి యెనిమిది నెలలుగా దాచిన ఖాళీపట్టీలను బల్లపై ముగ్గు పెట్టినట్లు పేర్చెను. కత్తెర యొకనెల పేరు తలను మఱొకనెల తోకను కొఱికినదేకాని యన్నినెలలు నొక్కచోటనే కొఱుకుట మఱచినది. తలయు తోకయు నతికి పేరు ప్రత్యక్షమయ్యెను. ఆమె ఫోనులో వెదుకగా నదే మందు నెలకు తొమ్మిదివందలు.

"నకిలీ మందుకైనా పేరుందండీ డాక్టరుగారూ. మీ అసలు మందుకేం, ఇంకా బారసాల కాలేదా?"

వెనుక బల్లలపై వేచియున్నవారు తమతమ సంచులలోని పట్టీలను తీసి త్రిప్పి చూచుకొనసాగిరి.

"రాస్తాన్లెండమ్మా, కాస్త నెమ్మదిగా..."

"నెమ్మది పొద్దున్నే గడప మీద పోయిందండీ. పూర్తి మాత్ర రోజుకెన్నిసార్లో, అక్షరాలు విడివిడిగా రాయండి."

నాలుగవనాడు పార్సెలు వచ్చెను. పేరు చెక్కుచెదరని పట్టీనుండి నిండుమాత్రను పెరుగన్నపు ముద్దలో నిడి యామె భైరవునకు తినిపించెను. రోగము మూగజీవిని నేలగూల్చుట విధివశము. దాని మందునకు ముసుగు వేయుట మనుష్యుని పని. చాకు కూరగాయల పళ్లెమునకు మరలిపోయెను. భైరవుడు తాను పడిన గడపపైననే యడ్డముగా పవ్వళించి గుఱకపెట్టుచుండ నామె యాదినమున నిరువదిమార్లు వానిని దాటెను, ఒక్కమారైనను లెమ్మనలేదు.