కారణం రాయవలసిన గడి

మా అమ్మాయి చదివే కాలేజీలో రికార్డుల గది మెట్ల కింద ఉంటుంది. ఎవరైనా సరే తల వంచుకునే లోపలికి వెళ్లాలి. నాకా ఇబ్బంది లేదు. అక్కడికి వెళ్లేసరికే నా తల వంగి ఉంటుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు, రిటైర్మెంటుకి దగ్గరపడిన గుమాస్తా ఒకాయన కళ్లజోడు తుడుచుకుంటూ చెప్పాడు.

"మీ అమ్మాయి మేజరమ్మా. ఇంట్లోవాళ్లకి ఏమీ చెప్పొద్దని రాసిచ్చింది. క్లాసుకి వస్తోందో లేదో కూడా మేం చెప్పకూడదు. చదువు రికార్డుల గోప్యత చట్టం."

"కన్నతల్లినండీ!"

"ఎక్కువమంది రాసిచ్చేది తల్లుల మీదేనమ్మా."

కోపం రావాల్సింది, రాలేదు. ఆ చట్టం ఎందుకు పుట్టిందో నాకు బాగానే తెలుసు. మూడు నెలల కిందట కాలేజీ నుంచి అమ్మాయి పేర ఒక కవరొచ్చింది. నేను విప్పాను. రెండు సబ్జెక్టులు పోయాయి, ఏడుపు ఆగడం లేదని కౌన్సిలరు దగ్గరికి వెళుతోంది, అని ఉంది. మా ఆడపడుచుకి ఫోన్ చేసి, ఆమెకొక్కదానికే, మొత్తం చదివి వినిపించాను. సాయంత్రానికి అమ్మాయికి ఏడు ఫోన్లు వచ్చాయి. ఒకావిడైతే, "ఏడవడానికి కూడా డాక్టరెందుకే?" అని అడిగిందట. ఆ రాత్రే పిల్ల బట్టలు సర్దుకుని స్నేహితురాలి గదికి వెళ్లిపోయింది. నంబరు కూడా మార్చేసింది.

నేను లేవబోతుంటే గుమాస్తా ఒక కాగితం ముందుకు తోశాడు. "అడిగినవాళ్ల పేరు, తేదీ, కారణం రాయాలమ్మా. మేం ఇవ్వకపోయినా రాయాలి. ఇది ఆ పిల్ల ఫైల్లో ఉంటుంది."

"తను చూస్తుందా?"

"అడిగితే చూపించాలి. అది తన హక్కు."

చదువుకున్నదాన్ని కదా, వెంటనే బుర్రకెక్కింది. ఉత్తరాలు తిరిగొచ్చేస్తున్నాయి, కొత్త నంబరు తెలీదు. ఈ కారణం గడిలో రాసింది మాత్రం నేరుగా పిల్ల ఫైల్లోకి వెళుతుంది. ఆ తర్వాత ప్రతి మంగళవారం వెళ్లి అడగడం, కుదరదనిపించుకోవడం, కారణం రాసి రావడం. గడి వెడల్పు నా బొటనవేలంత. "జలుబు తగ్గిందో లేదో తెలుసుకోవడానికి" అని ఒక వారం. "గది కిటికీ బాగు చేయించామని చెప్పడానికి" అని ఇంకో వారం. "నీలం స్వెటర్ రంగు పోయింది, తప్పు సబ్బుది" అని మరో వారం. గుమాస్తా చదివి, నవ్వాపుకుంటూ, "తిరస్కరించడమైనది" అని ముద్ర కొట్టేవాడు.

"ఈ వారం ఏం రాశావ్?" అనేవారు మావారు.

"మీకు చెప్పకూడదు. చట్టం."

"ఆ ఒక్క మాటా రాశావా, లేదా?"

రాయలేదు. కిటికీ గురించీ, స్వెటర్ గురించీ రాయడానికి చాలిన గడి దానికి మాత్రం చాలదనిపించేది. వచ్చే వారం రాద్దాంలే అనుకునేదాన్ని. అలా పది వారాలు గడిచాయి.

పదకొండో మంగళవారం పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుని, చిత్తుకాగితం మీద నాలుగుసార్లు కొట్టేసి రాసుకున్నాను. "కవరు విప్పడం, అందరికీ చెప్పడం నా తప్పే. క్షమించు." బస్సులో దారి పొడుగునా బళ్లో పద్యంలా వల్లె వేసుకున్నాను.

గుమాస్తా ఆ రోజు కాగితం తీయలేదు.

"కూర్చోండమ్మా."

"కూర్చోమంటున్నారంటే మంచి మాట కాదన్నమాట."

ఆయన నవ్వలేదు. "ఇకమీదట మీ దగ్గర అర్జీలు తీసుకోవద్దని మీ అమ్మాయి దగ్గర్నుంచి రాతపూర్వకంగా వచ్చింది. మీకు తెలియజేశామని సంతకం కావాలి."

అంటే చూసింది. పది వరసలూ చదివింది. జలుబు, కిటికీ, సబ్బు, అన్నీ. కావలసిన వరస వెతుక్కుని ఉంటుంది, దొరికి ఉండదు.

"తను వచ్చిందా ఇక్కడికి? ఎలా ఉంది? చిక్కిందా?"

"చెప్పకూడదమ్మా."

"చదువుతూ ఏడ్చిందా?"

ఆయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ పెట్టుకోలేదు. కాగితం నా ముందుంచి, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నాకు అర్థమైంది. సంతకం గీత కింద సగం పేజీ ఖాళీ. నేనేం రాసినా ఆయన చూడడు. కాగితం ఫైల్లోకి వెళ్లిపోతుంది.

కలం పట్టుకున్నాను. వాక్యం నోటికి వచ్చు, చేతికీ వచ్చు. కానీ పిల్ల వద్దంది. తను మూసిందాన్ని నేనొకసారి విప్పాను, చాలు. రాస్తే నా గుండె బరువు తగ్గేదేమో. ఆ బరువు ఇక నేనే మోసుకోవాలి.

గీత మీద నా పేరు మాత్రం రాశాను.

"తేదీ కూడా వెయ్యాలా?"

"వెయ్యండమ్మా," అన్నాడాయన, గోడవైపే చూస్తూ.

వేశాను.